అడ్డంకి వచ్చింది... వాచీ పుట్టింది!

ఏటా ఏప్రిల్‌లో జెనీవా విమానాశ్రయం పక్కనున్న పాలెక్స్‌పో హాళ్ళలో ‘వాచెస్ అండ్ వండర్స్’ పేరిట వారం రోజుల వాచీల జాతర జరుగుతుంది. 2025లో ఏప్రిల్ 1 నుంచి 7 వరకు జరిగిన ప్రదర్శనలో 60 బ్రాండ్లు కొలువుదీరాయి. చూడవచ్చినవాళ్ళు 55 వేల పైమాటే. కాకపోతే ఓ తిరకాసుంది. ప్రదర్శన మంగళవారం మొదలై మరుసటి సోమవారం ముగుస్తుంది. మొదటి నాలుగు రోజులూ వ్యాపారులకూ విలేకరులకూ మాత్రమే ప్రవేశం. మామూలు జనానికి టికెట్లు అమ్మేది చివరి మూడు రోజులకే.

మరి వాచీల పిచ్చితో విమానమెక్కినవాళ్ళు ఆ నాలుగు రోజులూ ఏం చేయాలి? దిగులక్కర్లేదు. స్విట్జర్లాండ్ చిన్న దేశం. వాచీల మ్యూజియాలకు కొదవలేదు. ఎటు వెళ్ళాలన్నా రైలుంది. అలా తిరుగుతూ పోతే ఓ సంగతి బయటపడుతుంది. ఇక్కడ గొప్పగా చెప్పుకునే వాచీల్లో చాలావాటికి పురుడు పోసింది సుఖం కాదు. నిషేధం, మంచు, అగ్నిప్రమాదం, దొంగతనం, చవక సరుకు పోటీ... ఏదో ఒకటి దారికి అడ్డం పడింది. దాన్ని దాటబోయి ఎవరో ఏదో కొత్తది కనిపెట్టారు. రోజుకో మజిలీగా ఆ విశేషాలు చూద్దాం.

మంగళవారం: జెనీవా పాత వీధుల్లో

★ నగలు వద్దంటే గడియారాలు వచ్చాయి. మతసంస్కర్త జాన్ కాల్విన్ 1541లో జెనీవాకు తిరిగొచ్చి ఊరి కట్టుబాట్లు బిగించాడు. ఆడంబరం పాపమన్నాడు. ఒంటిమీద నగలు కనిపించకూడదన్నాడు. కంసాలుల చేతులకు పని పోయింది. సరిగ్గా ఆ కాలంలోనే ఫ్రాన్స్‌లో మతహింస తట్టుకోలేక హ్యూగెనాట్ ప్రొటెస్టెంట్లు జెనీవాకు పారిపోయి వచ్చారు. వాళ్ళలో గడియారాలు చేయడం వచ్చినవాళ్ళున్నారు. నగకు అడ్డు చెప్పిన మతం టైమ్ చూసుకునే పరికరానికి చెప్పలేదు. కంసాలి పనితనం, కాందిశీకుల విద్య కలిశాయి. 1601 నాటికి ఊళ్ళో వాచీ పనివాళ్ళకు సొంత సంఘం ఏర్పడింది.

★ రోన్ నది ఒడ్డున సాన్ జెర్వే పేటలో పాత మేడల పై అంతస్తులు చూడండి. వరసగా కిటికీలుంటాయి. కరెంటు దీపాలు లేని రోజుల్లో సన్నపని చేయాలంటే పగటి వెలుతురే గతి. అందుకే వాచీ పనివాళ్ళు అటక గదుల్లో కిటికీల కింద బల్లలు వేసుకునేవారు. మెట్లెక్కలేని ముసలితనం వచ్చేదాకా అక్కడే పని. తత్వవేత్త రూసో పుట్టింది జెనీవాలో ఇలాంటి వాచీ పనివాడి ఇంట్లోనే.

★ సరస్సు ఒడ్డున ఇంగ్లిష్ గార్డెన్‌లో నేల మీద పూలమొక్కలతో పెంచిన గడియారం ఉంది. 1955లో పెట్టారు. రుతువు మారినప్పుడల్లా మొక్కలు మారుస్తారు. దీని సెకన్ల ముల్లు పొడవు రెండున్నర మీటర్లు!

★ మధ్యాహ్నం నుంచి పటేక్ ఫిలిప్ మ్యూజియం. 2001లో తెరిచారు. 16వ శతాబ్దం నుంచి ఇప్పటిదాకా అయిదొందల ఏళ్ళ గడియారాలు నాలుగంతస్తుల్లో ఉన్నాయి. లోపల ఫొటోలు తీయనివ్వరు. కంపెనీ పుట్టుక కథ కూడా కష్టంతోనే మొదలైంది. ఆంటోనీ పటేక్ పోలండ్ సైనికుడు. రష్యా మీద 1830లో మొదలైన తిరుగుబాటులో పోరాడి, ఓడి, దేశం విడిచి వచ్చాడు. తోటి వలసజీవితో కలిసి 1839లో జెనీవాలో వాచీల వ్యాపారం పెట్టాడు. అప్పట్లో జేబు గడియారానికి విడిగా ఓ తాళంచెవి ఉండేది. అది పోతే గడియారం ఆగిపోయినట్టే. ఆ బాధ తప్పించడానికి పక్కనున్న బుడిపె తిప్పితే స్ప్రింగు చుట్టుకునే ఏర్పాటు చేసిన ఫ్రెంచివాడు ఆడ్రియన్ ఫిలిప్. 1844లో ప్యారిస్ ప్రదర్శనలో పటేక్ అతని పనిని చూశాడు. అలా ఇద్దరూ ఒక్కటయ్యారు. ఈరోజు మన చేతి వాచీకి పక్కన ఉండే బుడిపె వెనక ఉన్నది ఆ తాళంచెవి తిప్పలే.

★ కంపెనీకి 150 ఏళ్ళు నిండాయని 1989లో చేసిన ‘క్యాలిబర్ 89’ అనే జేబు గడియారంలో 1,728 భాగాలున్నాయి. బరువు కిలో పైనే. ఏటా మారిపోయే ఈస్టర్ పండగ తేదీని కూడా చూపిస్తుంది. ఆ లెక్క చేసే చక్రానికి గాట్లు పెట్టింది మాత్రం 2017 వరకే. ఇంత గడియారమూ ఆ ఒక్క పండగ దగ్గర చేతులెత్తేసింది.

బుధవారం: మంచు కప్పిన లోయలో

★ జెనీవాకు ఉత్తరాన జూరా కొండల్లో, దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున వాలే ద జూ అనే లోయ ఉంది. చలికాలంలో సరస్సు గడ్డకడుతుంది, దారులు మూసుకుపోతాయి. పొలం పని ఉండదు. నెలల తరబడి ఇంట్లో కూర్చోవాల్సిన రైతులు కిటికీ దగ్గర బల్ల వేసుకుని గడియారాలకు పళ్ళ చక్రాలు, మరలు చేసేవారు. మంచు కరిగాక వాటిని జెనీవా వ్యాపారులకు అమ్ముకునేవారు. ప్రపంచంలో అతి క్లిష్టమైన వాచీల యంత్రాలకు ఈ పశువుల లోయ పుట్టిల్లయింది అలా.

★ లోయలోని లె బ్రాసు గ్రామంలో 1875లో మొదలైన ఆడెమార్ పిగే కంపెనీ 2020లో కొత్త మ్యూజియం తెరిచింది. డెన్మార్క్ వాస్తుశిల్పి బియార్కె ఇంగెల్స్ సంస్థ గీసిన నమూనా. వాచీ స్ప్రింగు చుట్టలా తిరిగే భవనం. దాని ఉక్కు కప్పును మోస్తున్నవి స్తంభాలు కావు, వంపు తిరిగిన గాజు గోడలే!

★ పక్కనే లె సాంతియేలో ఆంటోయిన్ లెకూల్ట్ర్ 1833లో కార్ఖానా పెట్టాడు. కొలవలేనిదాన్ని సరిగ్గా చేయలేం కదా. 1844లో ఆయన మిల్లీమీటరులో వెయ్యో వంతును కొలిచే పరికరం తయారుచేశాడు. ఆ కార్ఖానా వారసులే 1929లో ‘క్యాలిబర్ 101’ చేశారు. పొడవు 14 మిల్లీమీటర్లు, వెడల్పు అయిదులోపే, బరువు ఒక గ్రాము. మెకానికల్ వాచీ యంత్రాల్లో ఇప్పటికీ ఇదే అతి చిన్నది. 1953లో పట్టాభిషేకం రోజున ఎలిజబెత్ రాణి చేతికి ఉన్నది ఈ యంత్రంతో చేసిన వాచీయే.

★ మన దేశంలో పోలో బంతి తగిలి పగిలిన అద్దాల నుంచి ఓ వాచీ పుట్టిందని తెలుసా? బ్రిటిష్ సైనికాధికారులు ఇక్కడ గుర్రాల మీద పోలో ఆడుతుంటే చేతి వాచీల అద్దాలు పగిలేవి. 1930 ప్రాంతంలో ఇండియాకు వచ్చిన సీజర్ ద త్రే అనే వ్యాపారికి వాళ్ళు ఆ గోడు చెప్పుకున్నారట. ఆయన తిరిగెళ్ళి లెకూల్ట్ర్ మనుషులతో మాట్లాడాడు. ఆట మొదలయ్యేముందు డయల్‌ను పక్కకు జరిపి బోర్లా తిప్పేసే వాచీకి 1931 మార్చి 4న ప్యారిస్‌లో పేటెంటు దరఖాస్తు పడింది. అదే ‘రివర్సో’. తిప్పితే పైకొచ్చే లోహపు వీపు మీద పేర్లూ బొమ్మలూ చెక్కించుకోవడం తర్వాత ఫ్యాషనైంది. పోలో మైదానం మొహం చూడనివాళ్ళు కూడా ఇప్పుడు దాన్ని కొంటున్నారు.

★ లోయలో పచ్చిక మైదానాల్లో జెన్షియన్ అనే పసుపు పూల మొక్క పెరుగుతుంది. దాని కాడను ఎండబెట్టి, చెక్కి, సన్నటి పాలిష్ పొడి అద్ది వాచీ లోపలి ఉక్కు ముక్కల అంచులకు మెరుపు తెస్తారు. లె సోలియా ఊళ్ళో ఒంటరిగా పనిచేసి ప్రపంచ ప్రఖ్యాతి పొందిన ఫిలిప్ దుఫూర్ లాంటివాళ్ళు యంత్రాలు వచ్చాక కూడా ఈ కాడను వదల్లేదు. అంచు మూలల్లో వచ్చే ఆ పదును యంత్రానికి రాదని వాళ్ళ నమ్మకం. వాచీల పిచ్చివాళ్ళు భూతద్దం పెట్టి మరీ వెతికేది ఆ మూలలనే.

గురువారం: కాలిపోయి లేచిన ఊరు

★ లా షో-ద-ఫోన్ పట్టణం 1794లో మంటల్లో తగలబడింది. తిరిగి కట్టేటప్పుడు ఇరుకు సందులు వద్దనుకున్నారు. తిన్నని వీధులు, వాటి వెంట వరస ఇళ్ళు, మధ్యలో ఖాళీ జాగాలు. మంటలు పాకకుండా చేసిన ఏర్పాటే తర్వాత వాచీ పనివాళ్ళకు వరమైంది. ఏ ఇంటి బల్ల మీదికైనా ఎండ పడుతుంది. ఈ ఊరినీ పక్కనున్న లె లోక్ల్‌నూ వాచీల కోసమే అమరిన పట్టణాలుగా గుర్తించి 2009లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అంతకుముందే, 19వ శతాబ్దంలో, కార్ల్ మార్క్స్ తన ‘పెట్టుబడి’ గ్రంథంలో ఈ ఊరిని ప్రస్తావించాడు. ఇంటికో పని జరుగుతూ ఊరు మొత్తం ఒకే వాచీ కార్ఖానాలా ఉందన్నది ఆయన పరిశీలన.

★ ఈ వీధుల్లో పుట్టిన ఇద్దరు వాచీలు వదిలేసి పేరు తెచ్చుకున్నారు. ఒకరు కార్ల కంపెనీకి తన పేరిచ్చిన లూయీ షెవ్రొలే. రెండోవారు చండీగఢ్ నగరానికి రూపమిచ్చిన లె కార్బూజియే. 1887లో పుట్టిన కార్బూజియే తండ్రి వాచీ డయళ్ళకు ఎనామెల్ వేసేవాడు. కొడుకు కూడా వాచీ పెట్టెల మీద నగిషీ చెక్కడం నేర్చుకోవడానికే కళాశాలలో చేరాడు. గీతలు గీసేవాడు నగరాలు గీయడం మొదలుపెట్టాడు.

★ ఇక్కడి అంతర్జాతీయ వాచీల మ్యూజియాన్ని 1974లో భూమి కింద కట్టారు. సూర్యుడి నీడను కొలిచిన పరికరాల నుంచి అణు గడియారం దాకా అన్నీ వరసగా ఉంటాయి. గంటకు ఒకసారి టైమ్ చూసుకున్న మనిషి సెకనులో లక్షో వంతు కోసం కొట్టుకునేదాకా ఎలా వచ్చాడో ఒక్క పూటలో కనిపిస్తుంది.

★ వాచీలో తలవెంట్రుకంత సన్నటి స్ప్రింగు ఒకటి ఊపిరి తీస్తున్నట్టు ముడుచుకుంటూ విచ్చుకుంటూ ఉంటుంది. ఎండకు లోహం సాగితే వాచీ వెనకబడుతుంది, చలికి ముందుకెళ్తుంది. వందల ఏళ్ళు పనివాళ్ళను ఏడిపించిన చిక్కు ఇది. నషాటెల్ ప్రాంతంలోని ఫ్లూరియే ఊళ్ళో వాచీ పనివాళ్ళ కుటుంబంలో పుట్టిన షార్ల్ ఎడువార్ గియోమ్ ఇనుము, నికెల్ కలిపి వేడికి దాదాపు సాగని ‘ఇన్వార్’ అనే మిశ్రమలోహాన్ని కనిపెట్టాడు. ఆ దారిలోనే గడియారం స్ప్రింగులకు పనికొచ్చే మరో లోహమూ వచ్చింది. ఆ పరిశోధనకు 1920 భౌతికశాస్త్ర నోబెల్ ఆయనకు దక్కింది. ఆ తర్వాతి ఏడాది, అంటే 1921 నోబెల్ ఐన్‌స్టీన్‌ది. ఆయన కథకు రేపు రైల్లో వెళ్దాం.

శుక్రవారం: రైలు, బెర్న్, బియెన్

★ స్విస్ రైల్వే స్టేషన్ల గడియారాన్ని నిమిషం పాటు తదేకంగా చూడండి. ఎర్రటి సెకన్ల ముల్లు పైకొచ్చి ఒకటిన్నర సెకను ఆగుతుంది. అప్పుడు నిమిషాల ముల్లు టక్కున దూకుతుంది. దేశంలోని స్టేషన్లన్నీ ఒకే టైమ్ చూపాలి. నిమిషానికోసారి ప్రధాన గడియారం నుంచి సంకేతం వస్తుంది. అది వచ్చేలోపు సెకన్ల ముల్లు 58.5 సెకన్లలోనే చుట్టు ముగించుకుని కాచుకు కూర్చుంటుంది. రైల్వే ఇంజినీరు హాన్స్ హిల్ఫికర్ 1944లో ఈ డయల్ రూపొందించాడు. ఎర్ర ముల్లు చివరి గుండ్రటి బిళ్ళ, రైలు కదలమని స్టేషన్ మాస్టర్ ఎత్తి చూపే పలకకు నకలు. 2012లో ఆపిల్ కంపెనీ తన ఐప్యాడ్‌లో అడక్కుండా ఈ డయల్ వాడేసి, తర్వాత స్విస్ రైల్వేకు డబ్బు కట్టి హక్కులు తీసుకుంది.

★ బెర్న్ నడివీధిలో త్సిట్‌గ్లోగె అనే గడియార స్తంభం ఉంది. 1530లో బిగించిన యంత్రం ఇంకా తిరుగుతోంది. గంట కొట్టే ముందు కోడిపుంజు కూస్తుంది, ఎలుగుబంట్లు ఊరేగుతాయి. దానికి కూతవేటు దూరంలో క్రామ్‌గాసె వీధిలో 49వ నంబరు ఇంట్లో 1903 నుంచి 1905 వరకు ఐన్‌స్టీన్ కాపురముండేవాడు. ఉద్యోగం పేటెంటు కార్యాలయంలో గుమాస్తా. కాలం అందరికీ ఒకేలా నడవదని చెప్పిన సిద్ధాంతం 1905లో రాసినప్పుడు రోజూ ఆయన వినేది ఈ గంటలే.

★ బియెన్ పట్టణంలో ఒమెగా మ్యూజియం, స్వాచ్ ప్రదర్శనశాల ఒకే చోట ఉన్నాయి. 2019లో జపాన్ వాస్తుశిల్పి షిగెరు బాన్ కలపతో కట్టిన 240 మీటర్ల పొడవైన భవనం పక్కనే. ఒలింపిక్స్‌లో టైమ్ లెక్కగట్టే ఒమెగా, తన మ్యూజియంలో తొమ్మిది మీటర్ల పరుగు పందెం ట్రాక్ వేసింది. పరుగెత్తి మీ టైమ్ మీరే తెలుసుకోవచ్చు.

★ అసలు స్విస్ వాచీకి చావుగంట మోగింది ఓ క్రిస్మస్ రోజున. 1969 డిసెంబరు 25న టోక్యోలో సీకో కంపెనీ ‘ఆస్ట్రాన్’ అమ్మకానికి పెట్టింది. ప్రపంచంలో తొలి క్వార్ట్జ్ చేతి వాచీ. వెల 4.5 లక్షల యెన్లు, ఆనాటి కొత్త టొయోటా కరోలా కారు ధరంత. లోపల క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకు 8,192 సార్లు కంపించేది. ఇప్పటి చవక వాచీల్లో అది 32,768. ఆ అంకె ఎందుకంటే, దాన్ని వరసగా పదిహేనుసార్లు సగం చేస్తూ పోతే సరిగ్గా ఒకటి మిగులుతుంది. సెకనుకో టిక్కు! ధర ఏళ్ళు తిరక్కుండానే పడిపోయింది. 1970లో 90 వేల మంది పనిచేసిన స్విస్ వాచీ పరిశ్రమలో 1980ల మధ్యకు మూడో వంతు మిగిలారు.

★ ఆ దెబ్బకు జవాబు 1983 మార్చి 1న వచ్చింది. ప్లాస్టిక్ వాచీ స్వాచ్. మామూలు వాచీకి 90కి పైగా భాగాలు కావాల్సి వస్తే దీనికి 51 చాలు. వెనక మూత ఉండదు, యంత్రాన్ని పెట్టెలోకే పైనుంచి బిగిస్తారు. జపాన్ క్వార్ట్జ్‌తో పడ్డ గుంట నుంచి స్విస్ వాళ్ళు అదే క్వార్ట్జ్ పట్టుకుని పైకొచ్చారు. ఆ లాభాలతోనే పాత మెకానికల్ కంపెనీలు మళ్ళీ ఊపిరి పీల్చుకున్నాయి.

శనివారం: పాలెక్స్‌పో తలుపులు తెరిచారు

★ ఈ ప్రదర్శన కూడా ఓ పేచీ ఫలితమే. వాచీల పెద్ద పండగ ఒకప్పుడు బాసెల్‌లో జరిగేది, 1917 నుంచి. అక్కడి పద్ధతులు నచ్చని అయిదు బ్రాండ్లు 1991లో జెనీవాలో వేరుకుంపటి పెట్టాయి. 2020లో కొవిడ్‌తో బాసెల్ ప్రదర్శన వాయిదా పడింది. కట్టిన డబ్బు లెక్కల దగ్గర మాటామాటా పెరిగింది. రోలెక్స్, పటేక్ ఫిలిప్ సహా పెద్దలంతా ఒక్కసారే జెనీవాకు తరలిపోయారు. వందేళ్ళ బాసెల్ జాతర ఆ ఏడాదితో ముగిసింది.

★ గంట, నిమిషం, సెకను కాకుండా వాచీ చేసే ప్రతి అదనపు పనినీ కాంప్లికేషన్ అంటారు. ఎవరి గడియారంలో ఎక్కువుంటే వాళ్ళే మొనగాళ్ళు. 1933లో అమెరికా బ్యాంకర్ హెన్రీ గ్రేవ్స్ చేయించుకున్నదానిలో 24. క్యాలిబర్ 89లో 33. 2015లో వాషెరాన్ కాన్‌స్టాంటిన్ చేసినదానిలో 57. 2024లో అదే కంపెనీ ఓ కొనుగోలుదారు కోసం పదకొండేళ్ళు శ్రమించి చేసిన ‘బర్క్‌లీ’లో 63 కాంప్లికేషన్లు, 2,877 భాగాలు. చాలా కాలం పట్టింది చైనా పంచాంగం దగ్గర. చంద్రుణ్ణీ సూర్యుణ్ణీ సర్దడానికి మన అధిక మాసంలాగే వాళ్ళకూ మధ్యమధ్యలో అదనపు నెల వస్తుంది. ఎప్పుడొస్తుందో సులువైన సూత్రానికి అందదు. దాన్ని పళ్ళ చక్రాలకు నేర్పించారు, 2200వ సంవత్సరం దాకా. 2025లో అదే కంపెనీ 1,521 భాగాలతో 41 కాంప్లికేషన్ల ‘సొలారియా’ను ప్రదర్శనకు తెచ్చింది. ఇది జేబుకు కాదు, చేతికి పెట్టుకునేది.

★ లీపు సంవత్సరాల్లో ఓ మెలిక ఉంది. నాలుగేళ్ళకోసారి ఫిబ్రవరికి 29 వస్తుంది. కానీ 2100, 2200, 2300 లీపు సంవత్సరాలు కావు, 2400 మాత్రం అవుతుంది. తేదీలు తమంతట తామే దిద్దుకునే వాచీల్లో చాలావాటిని 2100లో చేత్తో సరిచేయాల్సిందే. 2024లో ఐడబ్ల్యూసీ కంపెనీ తెచ్చిన ‘ఎటర్నల్ క్యాలెండర్’లో ఒక చక్రం 400 ఏళ్ళకు ఒకే ఒక్కసారి చుట్టు తిరుగుతుంది. అందులోని చంద్రబింబం లెక్క ఒక రోజు తప్పడానికి 4.5 కోట్ల ఏళ్ళు పడుతుందని కంపెనీ అంటోంది. ఆ ఏడాది నవంబరులో వాచీలకిచ్చే జెనీవా గ్రాండ్ ప్రిలో అత్యున్నత బహుమతి ‘బంగారు ముల్లు’ దీనికే వచ్చింది.

★ సన్నదనంలోనూ పందెమే. 2024లో పియాజే తెచ్చిన టూర్బియాన్ వాచీ మందం రెండు మిల్లీమీటర్లు. అదే ఏడాది బుల్గారి 1.70 మిల్లీమీటర్ల వాచీ చేసింది, దాదాపు మన పది రూపాయల బిళ్ళంత మందం. కొన్ని నెలలకే రష్యా కళాకారుడు కాన్‌స్టాంటిన్ చైకిన్ 1.65తో దాన్ని కొట్టేశాడు.

★ టూర్బియాన్ అంటే? జేబులో నిలువుగా ఉండే గడియారాన్ని భూమ్యాకర్షణ ఒకే వైపు లాగుతుంటుంది. దాంతో టైమ్ తప్పుతుంది. అబ్రహాం లూయీ బ్రెగే చేసిన ఉపాయం, టిక్కుటిక్కు కొట్టే భాగాలన్నిటినీ ఓ చిన్న పంజరంలో పెట్టి గుండ్రంగా తిప్పడం. ఒక వైపు వచ్చిన తప్పును మరో వైపు తప్పు చెరిపేస్తుంది. 1801లో పేటెంటు వచ్చింది. చేతి వాచీ ఎలాగూ ఒక్క భంగిమలో ఉండదు కాబట్టి దాని అవసరం ఇప్పుడు అంతగా లేదు. అయినా ప్రదర్శనలో గుంపు ఎక్కువ కనిపించేది ఆ తిరిగే పంజరాల ముందే.

★ బ్రెగే పేరెత్తితే తప్పక వినిపించే కథ మేరీ ఆంటోనెట్ గడియారానిది. ఫ్రాన్స్ రాణి కోసం 1783లో ఆర్డరు వచ్చింది. 1793లో రాణి తల తెగింది. 1823లో బ్రెగే పోయాడు. గడియారం పూర్తయింది 1827లో! చివరికి జెరూసలేం మ్యూజియం చేరిన దాన్ని 1983లో దొంగ ఎత్తుకెళ్ళాడు. ఇక దొరకదనుకుని కంపెనీ పాత కాగితాలు, బొమ్మలు పట్టుకుని నకలు చేయడం మొదలుపెట్టింది. వెర్సాయ్ తోటలో రాణికి ఇష్టమైన ఓక్ చెట్టు కలపతో పెట్టె చేయించింది. 2008లో నకలు బయటికొచ్చేసరికి అసలుది దొరికిన వార్త అప్పటికే లోకానికి తెలిసిపోయింది.

★ ఇంత ఖరీదైన వాచీలు టైమ్ సరిగ్గా చూపిస్తాయా? స్విస్ అధికారిక పరీక్ష పదిహేను రోజులు సాగుతుంది. అయిదు భంగిమల్లో, మూడు ఉష్ణోగ్రతల్లో చూస్తారు. రోజుకు సగటున నాలుగు సెకన్లు వెనకబడినా, ఆరు సెకన్లు ముందుకెళ్ళినా పాసే. సంతలో కొన్న క్వార్ట్జ్ వాచీ నెల మొత్తానికి తప్పేది పదిహేను సెకన్లలోపు. పాలెక్స్‌పోకు వచ్చినవాళ్ళందరికీ ఈ లెక్క తెలుసు. తెలిసే వచ్చారు.

★ గాజు పెట్టెల్లో, ప్రకటనల్లో వాచీలు చాలావరకు పదీ పది దగ్గరే ఎందుకు ఆగుంటాయి? ముళ్ళు రెండువైపులా సమానంగా విచ్చుకుంటాయి. పన్నెండు కింద కంపెనీ పేరు మధ్యలో చక్కగా కనిపిస్తుంది. మూడు దగ్గరి తేదీ కిటికీ, ఆరు దగ్గరి చిన్న డయల్ మరుగున పడవు.

ఆదివారం: రాసే బొమ్మ

★ నషాటెల్ కళల మ్యూజియంలో మూడు బొమ్మలున్నాయి. వాచీ పనివాడు పియేర్ జాకే ద్రో, ఆయన కొడుకు, వాళ్ళ సహచరుడు 1768, 1774 మధ్య చేశారు. ప్రతి నెలా మొదటి ఆదివారం వాటికి స్ప్రింగు చుట్టి ఆడిస్తారు. 2025లో ప్రదర్శన మధ్యలోనే, ఏప్రిల్ 6న, ఆ ఆదివారం వచ్చింది. మూడేళ్ళ పిల్లాడంత ఉండే ‘రచయిత’ బొమ్మ ఈకను సిరాలో ముంచి, విదిలించి, కాగితం మీద రాస్తుంది. రాసే అక్షరం వెంట కళ్ళు కదులుతాయి. వీపులో దాదాపు 6 వేల భాగాలున్నాయి. లోపలి చక్రం మీది మీటలు మారిస్తే 40 అక్షరాల వరకు మనకు కావాల్సిన మాట రాయించవచ్చు. కంప్యూటరుకు ముత్తాత అని దీన్ని చాలామంది అంటారు. రెండో బొమ్మ చిత్రాలు గీస్తుంది. మూడోది తన వేళ్ళతోనే మీటలు నొక్కి వాద్యం వాయిస్తుంది. వాయించేటప్పుడు ఆ అమ్మాయి గుండెలు ఊపిరికి ఎగసిపడతాయి.

★ ఇంత పనితనం ఎవరికోసం? తమ వాచీలు రాజుల దృష్టిలో పడటానికి! ఈ బొమ్మలు యూరప్ ఆస్థానాలు తిరిగాయి. వాటిని చూడటానికి వచ్చిన ప్రభువులు వెళ్ళేటప్పుడు వాచీ కొనుక్కుని వెళ్ళేవారు.

సోమవారం: మన గడప దగ్గర

★ కదిలే బొమ్మను చూడాలంటే నషాటెల్ దాకా వెళ్ళక్కర్లేదు. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో కుక్ అండ్ కెల్వీ కంపెనీ సంగీత గడియారం ముందు గంట గంటకూ జనం గుమిగూడతారు. గడ్డం బొమ్మ బయటికొచ్చి లెక్క ప్రకారం గంట కొట్టి లోపలికి వెళ్ళిపోతుంది. పక్కన సుత్తి పట్టుకున్న కమ్మరి బొమ్మ సెకన్లు కొడుతూనే ఉంటుంది. తెలుగునాట చాలామంది బడిపిల్లలు విహారయాత్రలో చూసే తొలి గడియారాల ప్రదర్శన ఇదే. పన్నెండింటికి గుంపు ఎక్కువ, పన్నెండు దెబ్బలూ వినొచ్చని.

★ మన పెళ్ళికొడుకుల చేతికి దశాబ్దాలు అలంకారమైన హెచ్‌ఎంటీ వాచీ 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో బెంగళూరులో పుట్టింది. ఆ డయల్ మీద ‘17 జ్యువెల్స్’ అని ఉండేది గుర్తుందా? అవి కృత్రిమ కెంపులు. లోహపు ఇరుసు లోహంలోనే తిరిగితే అరిగిపోతుంది. కెంపు రంధ్రంలో తిరిగితే అరుగుదల తక్కువ. ఈ ఉపాయానికి 1704లో లండన్‌లో పేటెంటు తీసుకున్నవాళ్ళలో ఒకరు జెనీవాలో చదివిన నికొలాస్ ఫాషియో. న్యూటన్‌కు ఆప్తమిత్రుడు. హెచ్‌ఎంటీ వాచెస్ కంపెనీ మూసివేతకు 2016లో ప్రభుత్వం ఆమోదం తెలిపింది.

★ స్విట్జర్లాండ్ ఉన్న ఎఫ్టా దేశాల కూటమితో మన దేశం 2024 మార్చిలో చేసుకున్న వాణిజ్య ఒప్పందం 2025 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. స్విస్ వాచీల మీద ఉన్న 20 శాతం దిగుమతి సుంకం ఏడేళ్ళలో దశలవారీగా తగ్గిపోతుంది. కొనేవాళ్ళకు ఆగే ఓపిక ఉండాలంతే.

★ ఆఖరి విశేషం టైటాన్ కార్ఖానా ఉన్న హోసూరుది. నీళ్ళు దూరని అతి సన్నటి క్వార్ట్జ్ వాచీ చేయాలని టైటాన్ కంపెనీ పూనుకున్నప్పుడు, అది అయ్యే పని కాదని స్విస్ నిపుణులు అన్నారని ఆ కంపెనీవాళ్ళు చెబుతుంటారు. కాదన్న పనిని సొంతంగా చేసి చూపించారు. లోపలి యంత్రం మందం 1.15 మిల్లీమీటర్లు, మొత్తం వాచీ 3.5 మిల్లీమీటర్లు. 2002లో ‘ఎడ్జ్’ పేరుతో బజారులోకి వచ్చింది. పాలెక్స్‌పోలో మేటి వాచీలను గాజు పెట్టె ఇవతలి నుంచి చూడటంతో సరిపెట్టుకోవాలి. దీన్ని మన ఊళ్ళోని టైటాన్ షాపులో అడిగి చేతికి పెట్టుకుని చూడొచ్చు. టికెట్ లేదు, విలేకరులకు వేరే రోజూ లేదు.